మా ఇంటి మిశ్రీ, నా దవడ ఎముక

పాపకు జడ వేస్తున్నాను. బడి ఆటో రావడానికి ఇంకా పది నిమిషాలుంది. రెండో జడకు రిబ్బను కడుతుంటే, నా మోకాళ్ళ మధ్య కూర్చున్నది గిరుక్కున వెనక్కి తిరిగి, నోరు బార్లా తెరిచి నా ముఖానికి ఆనించింది. ముందు రోజు ఊడిన పాలపన్ను సందు చూపించాలని దాని ఆరాటం. ఆ నోట్లోంచి మా అత్తమ్మ వాసన వచ్చింది.

మాడిన పొగాకు వాసన. ఏడేళ్ళ పిల్ల నోట్లో.

"చూడు మమ్మీ, రక్తం బందైంది."

"ఎట్ల బందైంది?"

"నానమ్మ మిశ్రీ రుద్దింది. పన్ను ఊగినప్పటి సంది రుద్దుతుంది. మొదలు గరగర తిరిగింది తలకాయ. ఇప్పుడు తిరుగుతలేదు."

ఇప్పుడు తిరుగుతలేదు. నాకు మొదటిసారి భయం పుట్టింది సరిగ్గా ఆ మాట దగ్గర. ఎవరో ఏదో రుద్దినందుకు కాదు. తల తిరగడం ఆగిందంటే ఆ చిన్న ఒళ్ళు దాన్ని ఒప్పేసుకుందన్న మాట.

అప్పుడు నేనేం చేశానో కూడా రాయాలి. ఏమీ చేయలేదు. రిబ్బను ముడి వేశాను, నీళ్ళిచ్చి పుక్కిలించమన్నాను, ఆటో ఎక్కించాను. లోపలికొచ్చి, గిన్నెలు తోముకునే మోరి పక్క గూట్లో ఉన్న డబ్బా తీశాను. ఎడమ అరచేతిలో చిటికెడు పొడి వేసుకుని, కుడి చూపుడువేలితో నా చిగుళ్ళకు రుద్దుకోవడం మొదలుపెట్టాను. రోజూ చేసే పనే. చెయ్యి తనంతట తానే చేసుకుపోతుంది. సగంలో ఆగింది. వేలి కింద, కింది వరసలో ముందు పన్ను కదిలింది.

అది కదలడం అదే మొదలు కాదు. నెల రోజులుగా నాలుకకు తెలుస్తూనే ఉంది. నేనే ఒప్పుకోలేదు.

మిశ్రీ తెలియని వాళ్ళు అదృష్టవంతులు. పొగాకును ఇనుప పెనం మీద నల్లగా మాడేదాకా వేయించి, చల్లారాక నూరి, జల్లెడ పట్టిన పొడి అది. మా వైపు మగవాళ్ళకు ఖర్రా ఉంది. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపి, దవడన పెట్టుకుని తిరుగుతారు. దాన్ని అందరూ వ్యసనమనే అంటారు. ఆడవాళ్ళు చిగుళ్ళకు రుద్దుకుని గంటలకొద్దీ నోట్లోనే ఉంచుకునే మిశ్రీని మాత్రం మంజన్ అంటారు. పళ్ళపొడి. పళ్ళపొడిని ఎవరు తప్పు పడతారు?

మాది మహారాష్ట్రలో, చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ పోయే రోడ్డు మీద కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఆరేసిన బట్టల మీద పొద్దున బొగ్గు దుమ్ము, సాయంత్రం లారీల దుమ్ము. మా అత్తమ్మ మిశ్రీకి ఈ చుట్టుపక్కల పేరుంది. పద్మాపూర్ గని కాలనీ నుంచి కూడా ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకుని వస్తారు. దాని పెనం వేరే. దాని మీద రొట్టె కాల్చరు. వేయించిన రోజు ఇల్లంతా దగ్గుతుంది, అత్తమ్మ తప్ప. గల్లా పక్కన ఎత్తైన గాజు జాడీలో ఆ పొడి ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

నేను ఆసిఫాబాద్ వైపు నుంచి ఈ ఇంటికి కోడలినై వచ్చాను. బి.ఎస్సీ. చదివాను, బయోకెమిస్ట్రీతో. ఈ పిల్ల కడుపులో ఉండగా నా చిగుళ్ళు ఉబ్బాయి. బ్రష్ పెడితే చాలు రక్తం. కడుపుతో ఉన్నప్పుడు అలా అవుతుందని, శుభ్రంగా తోముకుంటూ డాక్టరుకు చూపించుకుంటే తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. ఏడుస్తూ మోరి దగ్గర కూర్చుంటే అత్తమ్మ వచ్చింది.

"ఏడ్వకు బిడ్డా. నోరు తెరువు. గరగర తిరుగుతది, భయపడకు. తరువాత మంచిగుంటది."

తన వేలితోనే రుద్దింది. తల తిరిగింది, వాంతి అయింది. నాలుగో రోజుకు రక్తం ఆగిపోయింది. చుక్క లేదు.

నేను నమ్మాను. కళ్ళారా చూశాను కనుక నమ్మాను. మందు వేశారు, జబ్బు పోయింది. చదువుకున్నదాన్ని కాబట్టే నా నమ్మకం ఇంకా గట్టిది. ఆ తర్వాత ఏడేళ్ళు దుకాణంలో ఏ కొత్త గిరాకీ వచ్చి సందేహపడినా అత్తమ్మ నన్ను లోపలి నుంచి పిలిచేది.

"మా కోడలు బియ్యెస్సీ సదివింది. అది సుత గిదే రుద్దుతది. అడుగుండ్రి దాన్నే!"

నేను గుమ్మంలోకి వచ్చి నవ్వేదాన్ని. "నిజమే అక్కా. నాకు నాలుగు దినాల్ల రక్తం బందైంది." పళ్ళు కనబడేలా నవ్వేదాన్ని. అలా ఎంతమందితో అన్నానో లెక్క లేదు. నేను ఆ జాడీకి అంటించిన చీటీ లాంటిదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం పాప బడి నుంచి రాగానే చంద్రపూర్ బజారులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె నాకంటే చిన్నది, మరాఠీ అమ్మాయి. మేమిద్దరం హిందీలో మాట్లాడుకున్నాం. నేను తెలుగులో రాస్తున్నాను.

ముందు పాపను చూసింది. చిన్న అద్దం పెట్టి, వేలితో తడిమి, "ఏం కాలేదు," అంది. అద్దం పక్కన పెడుతూ, "ఇంకా ఏం కాలేదు," అంది.

ఆ ‘ఇంకా’ నన్ను కుర్చీ మీదకు ఎక్కించింది. "మేడం, నా పన్ను కూడా చూడండి."

గీతలున్న సన్నటి లోహపు పుల్ల ఒకటి తీసి, పంటికీ చిగురుకూ మధ్య మెల్లగా దించింది. ఎంత లోతుకు దిగితే అంత అంకె పక్కనున్న అమ్మాయికి చెబుతోంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. నావి ఐదు, ఆరు, ఒకచోట ఏడు. పుల్ల బయటకు తీసి దీపం కింద చూసింది. పొడిగా ఉంది.

"మీరు తంబాకు తింటారా?"

"లేదు మేడం."

"మిశ్రీ?"

"అది మంజన్ కదా."

పక్క స్టూలు మీద కూర్చున్న నా కూతురు హిందీలోనే అందుకుంది. "మమ్మీ రోజుకు మూడుసార్లు పెట్టుకుంటుంది. అన్నం తిన్నాక కూడా."

డాక్టరు నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. "ఇంత లోతున్న చిగురు ముట్టుకుంటే రక్తం రావాలి," అంది. "లోపల వాపు ఉందని ఒళ్ళు కేక వేయడం అది. పొగాకు రక్తనాళాలను బిగిస్తుంది. కేక ఆగుతుంది. వాపు ఆగదు. కుక్క మొరగడం మానేసిందంటే దొంగ వెళ్ళిపోయాడని కాదు. కుక్కకు ఎవరో మందు పెట్టారని."

ఎక్స్‌రే తీసి దీపం పెట్టె మీద ఆనించింది. రెండు పళ్ళ మధ్య ఎముక పంటి మెడ దగ్గరి దాకా రావాలట. నా ముందు పళ్ళ మధ్య అది సగానికి కుంగి ఉంది, ఎండాకాలం బావిలో నీళ్ళలా.

"ఇది ఎప్పుడు పోయింది?"

"ఎక్స్‌రే అది చెప్పదు. పోయిందని మాత్రం చెబుతుంది."

"ఇప్పుడు కూడా పోతోందా? ఈ నిమిషంలో?"

ఆమె నా వంక తేరిపార చూసింది. ఏం చదివారని అడిగింది. చెప్పాను. అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుని చెప్పింది. పెద్ద చదువు చదివేటప్పుడు ఆ పని నేర్చుకుందట. గోరంత కూడా లేని కాగితపు పట్టీని చిగురు సందులో అర నిమిషం ఉంచుతారు. కంటికి కనబడనంత నీరు దానికి పడుతుంది. ఆ నీటిని ప్రయోగశాలలో పరీక్షిస్తే ఎముక సంగతి తెలుస్తుంది. ఎముక కరుగుతుంటే దాని తునకలు ఆ నీటిలోకి వస్తాయి. ఎముకను తినమని కణాలకు ఉత్తర్వు ఇచ్చే పదార్థం ఒకటి, ఆ ఉత్తర్వును అడ్డుకునే పదార్థం ఇంకొకటి, రెండూ అందులో ఉంటాయి. ఏది ఎక్కువుందో చూస్తారు. ఎక్స్‌రే నిన్నటి సంగతి చెబితే, ఈ గుర్తులు ఇవాళ్టి సంగతి చెప్పాలన్నది ఆశ.

"నాకు చేయండి ఆ పరీక్ష."

"ఇక్కడ లేదు. ఒక మనిషి నోరు చూసి ఇదిగో ఇంత అని తేల్చి చెప్పేంత పక్కాగా అది ఇంకా కుదరలేదు. మేం పుల్లతోనే కొలుస్తాం. లోపల శుభ్రం చేస్తాం, మీరు మిశ్రీ మానేస్తారు, మూడు నెలలకు మళ్ళీ కొలుస్తాం."

"పోయిన ఎముక?"

"ఉన్నది నిలబెట్టుకుందాం."

ఆ కాగితపు పట్టీ నాకు ఎందుకు కావాలో ఆమెకు చెప్పలేదు. నయం కావడానికి కాదు. ఒక అంకె కావాలి నాకు. ముద్ర వేసిన కాగితం మీద, నా చిగురు నీటిలో తేలిన నా ఎముక తునకల లెక్క. దాన్ని తీసుకెళ్ళి మా అత్తమ్మ ముందు పెట్టాలి.

పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో వెతికి చదివాను. కాలేజీ వదిలాక అంత శ్రద్ధగా ఏదీ చదవలేదు. ఉత్తర్వు ఇచ్చే దాని పేరు ర్యాంక్-ఎల్. అది వెళ్ళి కొన్ని కణాల తలుపు తడితే, అవి ఎముకను తినే కణాలుగా మారతాయి. దాన్ని దారిలోనే పట్టుకుని ఆ తలుపు దాకా పోనీయనిది ఆస్టియోప్రోటెజెరిన్. పేరులోనే ఉంది, ఎముకను కాపాడేదని. కాపాడేది తక్కువై, ఉత్తర్వు ఎక్కువైతే ఎముక తరుగుతుంది. నొప్పి ఉండదు. చప్పుడు ఉండదు. మొదటి దాని గురించి చదువుతుంటే నాకు మా అత్తమ్మ ముఖమే కనబడింది. రెండో దాని గురించి చదువుతుంటే నా ముఖం కనబడింది. నా కూతురి నోటికీ ఆ వేలికీ మధ్య అడ్డం నిలబడాల్సినదాన్ని నేను. ఏడేళ్ళుగా గుమ్మంలో నిలబడి నవ్వాను.

మర్నాడు పదకొండు గంటలకు దుకాణంలో నలుగురు ఆడవాళ్ళున్నారు. కావాలనే ఆ వేళ చూసుకున్నాను.

"అత్తమ్మా, పిల్లకు ఇంక మిశ్రీ పెట్టొద్దు. నా దవడ ఎముక తిన్నది నీ మిశ్రీ. డాక్టర్ ఫోటో తీసి చూపించింది."

అత్తమ్మ తూకం రాయి కింద పెట్టలేదు. "నీ పన్ను ఊగితే నా మిశ్రీ ఏం జేసె? మీ అవ్వగారి దిక్కు పండ్లే కచ్చవి. పెండ్లి సూపులప్పుడే అన్న, పిల్ల మంచిది, పండ్లు పల్చగున్నయని."

ఆడవాళ్ళు నవ్వారు.

"నిజం చెప్తున్న. రక్తం ఆగితే నయమైనట్టు కాదు. తంబాకు రోగాన్ని లోపల దాస్తది."

"దాస్తదా? ఏడ దాస్తది? నలభై ఏండ్లాయె నేను రుద్దవట్టి." గల్లా మీది వక్క ఒకటి తీసి వెనక దవడన పెట్టుకుంది. ఫటుక్కుమంది. రెండు ముక్కలు అరచేతిలో ఉమ్మి అందరికీ చూపించింది. "ఏది, మీ డాక్టరమ్మను కొరకమను."

దుకాణం గొల్లుమంది. పద్మాపూర్ నుంచి వచ్చిన ఒకామె నా వైపు తిరిగి, "ఏందమ్మా, మొన్నటి దాక నువ్వే మంచిదంటివి గద," అంది.

మా ఆయన రాత్రి అన్నం తింటూ, "గిరాకీ ముంగట గిట్లనా పంచాయితి?" అన్నాడు.

"ఏడేండ్లు గిరాకీ ముంగటనే నవ్విన కద. అప్పుడు బాగుండెనా?"

ఆయన పెరుగు కలుపుకున్నాడు.

నేను ఆ రోజు నుంచే మానేశాను. మానడం అంత సులువైన మాట కాదు. రెండో రోజు తలనొప్పి, మూడో రోజు ఉన్నవాళ్ళందరి మీదా కోపం. చెయ్యి దానంతట అది గూటి వైపు పోతుంది. ఆ కోపమంతా పొగాకు మానినందుకేనని మా ఆయన అన్నాడు. కొంత నిజం. కానీ పొగాకు కోపం రెండు వారాల్లో తగ్గింది, మిగిలింది తగ్గలేదు. డాక్టరు నా పళ్ళ లోపల శుభ్రం చేసిన వారానికి బ్రష్ మీద ఎర్రగా కనబడింది. రక్తం తిరిగొచ్చింది. కొన్నాళ్ళు వస్తుందని ఆమె ముందే చెప్పింది. నా ఒళ్ళు మళ్ళీ కేక వేస్తోంది. ఏడేళ్ళు దాని గొంతు నొక్కి పట్టుకున్నాను.

అంతటితో ఊరుకునేదాన్నేమో. అత్తమ్మ పాపకు మళ్ళీ పెట్టలేదు, డబ్బాను పై గూటికి మార్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో పిల్లల చప్పుడు లేకపోతే వెళ్ళి చూశాను. నీళ్ళ డ్రమ్ము వెనక మా పాప, నాలుగేళ్ళ మా బాబు ఎదురెదురుగా కూర్చున్నారు. దాని ఎడమ అరచేతిలో నల్లటి పొడి. కుడి చూపుడువేలు తమ్ముడి నోట్లో.

"భయపడకురా. గరగర తిరుగుతది. తరువాత మంచిగుంటది."

ఆ మాటలు, ఆ గొంతు, ఆ వేలు తిప్పడం అచ్చం నానమ్మ. బాబు గడ్డం మీదుగా నల్లటి చొంగ కారుతోంది. వాడు అక్క చెప్పింది కాబట్టి బుద్ధిగా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే కూర్చున్నాను.

పాప చెంప మీద కొట్టాను. ఎప్పుడూ కొట్టనిదాన్ని. బాబును ఎత్తుకుని మోరి దగ్గర నోరు కడిగాను, వాడు నా చేతుల మీద కక్కాడు. సాయంత్రం దాకా మగతగా నా ఒడిలోనే పడి ఉన్నాడు.

"నేనియ్యలే," అంది అత్తమ్మ గుమ్మంలో నిలబడి. "దుకాణంల జాడీల నుంచి అదే తీస్కున్నది."

నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఇక ఆమె ఇవ్వనక్కర లేదు. నేర్పేసింది.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. అరిస్తే ఆమె గెలుస్తుంది. నాకు ఆమె నోరు కావాలి, డాక్టరు దీపం కింద.

రెండు రోజులాగి, బియ్యం చెరుగుతున్న ఆమె పక్కన కూర్చుని, తేనె పూసినట్టు చెప్పాను. "అత్తమ్మా, డాక్టర్ మేడం నీ మిశ్రీ చూడాల్నంటుంది. ఇంత పేరున్నది గద, ఎట్ల చేస్తరో అడుగుతుంది."

అబద్ధం. అత్తమ్మ చేట ఆపింది. "అడుగుతదా? మరి గట్ల చెప్పు ముందుగాల."

పచ్చ అంచు చీర కట్టుకుంది. ఆ పొద్దున వేయించిన తాజా పొడిని స్టీలు డబ్బాలో నింపుకుంది. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు ముందు ఆ డబ్బా తెరిచి మరాఠీలో, "తీసుకో బిడ్డా, ఇంట్లో చేసింది," అంది. డాక్టరు ఆ పొడిని చూసింది, నన్ను చూసింది. అంతా అర్థమైంది ఆమెకు. ముఖంలో కాస్త అయిష్టం కూడా కనబడింది.

"పెద్దమ్మా, ముందు మీ పళ్ళు చూడనా?"

"సూడు. ముప్పై రెండున్నయి."

పుల్ల దిగింది. డాక్టరు అంకెలు మరాఠీలో చెబుతోంది. మరాఠీ అంకెలు మా అత్తమ్మకు నాకంటే బాగా వచ్చు, బజారంతా వాటితోనే కదా. ఎనిమిది. తొమ్మిది. తొమ్మిది. ఆమె కళ్ళు పైనున్న దీపం మీది నుంచి డాక్టరు ముఖం మీదకు వచ్చాయి. పుల్ల పొడిగానే బయటకు వచ్చింది. ఒక్క చుక్క రక్తం లేదు.

దవడ మొత్తం ఎక్స్‌రే తీయించాను. పెద్ద ఫిల్ము. దీపం పెట్టె మీద పెట్టగానే నాకే అర్థమైంది. ఏ పళ్ళతో వక్క కొరికి నలుగురిని నవ్వించిందో ఆ వెనక పళ్ళు, వేళ్ళ కొసల మీద నిలబడి ఉన్నాయి. కింద ఎముక ఎక్కడో ఉంది.

అత్తమ్మ నాలుకతో వెనక పళ్ళను తడుముకుంది. "మరి ఇవి పడలేదేంది?" అంది.

"పడతాయి పెద్దమ్మా," అంది డాక్టరు మెత్తగా. "చికిత్స చేస్తే కొన్నిటిని ఇంకొంత కాలం ఆపుకోవచ్చు."

నాకు సంతోషం వేసింది. దాన్ని వేరే పేరు పెట్టి పిలవను. కడుపులో చల్లగా, పండుగనాడు పొద్దున లేచినట్టుగా ఉంది. తిరుగు ఆటోలో ఆమె ఒళ్ళో స్టీలు డబ్బా, నా ఒళ్ళో ఫిల్ము. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనబడగానే ఆమె అడిగింది.

"సంబురమైందా?"

"అయింది."

"నాకు మా అత్త పెట్టింది. పెద్దోడు పుట్టినంక. నీ లెక్కనే చిగుళ్ళు ఉబ్బినయి."

"మరి తెలిసి తెలిసి నాకెందుకు పెట్టినవు?"

"ఏం తెలిసె?" ఆమె నా వైపు తిరిగింది. "రక్తం ఆగింది గద. ఆగితే మంచిది గాదని ఎవరు చెప్పిండ్రు? నువ్వు సదివినదానివి. నువ్వు చెప్పినవా?"

ఆ మాట ఇంకా నా దవడలో ఉంది. కానీ ఆమెను క్షమించడానికి అది నాకు చాల్లేదు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే మా ఇద్దరి ఫిల్ములూ ఆ గాజు జాడీకి టేపుతో అంటించాను. వెనక నుంచి బల్బు వెలుగు పడేలా జాడీని జరిపాను. చిన్నది నాది, పెద్దది ఆమెది. మొదట వచ్చిన ఇద్దరూ దగ్గరికి వంగి చూశారు.

"గిదేందమ్మా, బొమికెలు?"

"ఇది నాది. అది మా అత్తమ్మది. ఈ నల్లగున్న కాడ ఎముక ఉండాలె. మిశ్రీ రుద్దితే పోయింది. నేను మీకు మంచిదని చెప్పిన. తప్పు చెప్పిన."

ఒకామె చేతిలో ఉన్న ఖాళీ డబ్బాను కొంగు కిందికి లాక్కుని పప్పు మాత్రం తీసుకుని వెళ్ళింది. ఇంకొకామె, ముసలామె, ఫిల్ము మీద వేలు పెట్టి చూసి, "నాకు పండ్లే లేవు గద పిల్లా. నాకేం భయం, డబ్బాల పొయ్యి," అంది. పోశాను.

మధ్యాహ్నానికి అత్తమ్మ ఫిల్ము జాడీ మీద లేదు. నాది అలాగే ఉంది.

"నీ దవడ నీ ఇష్టం," అంది వంటింట్లోంచి. "నాది దుకాణంల ఎందుకు? మొగోళ్ళు సూస్తరు."

ఫిల్ము ఆమె పరుపు కింద దొరికింది. మళ్ళీ అంటించాను. మళ్ళీ తీసింది. మూడోసారి అంటించినప్పుడు తీయలేదు. దాని బదులు జాడీనే గల్లా కిందికి, ఎవరికీ కనబడనిచోటికి మార్చేసింది. అడిగినవాళ్ళకు ఇప్పటికీ పోస్తుంది. అడగనివాళ్ళకు చెప్పదు. నన్ను గుమ్మంలోకి పిలవదు. పెనం గోడకు వేలాడుతూనే ఉంది, కానీ నెలకు నాలుగుసార్లు దిగేది ఇప్పుడు ఒక్కసారి దిగుతోంది.

మూడు నెలలకు నా అంకెలు తగ్గాయి. ఐదు నాలుగైంది, ఏడు ఐదైంది. పన్ను నాలుకకు గట్టిగా తగులుతోంది. పోయిన ఎముక రాలేదు, రాదు. అత్తమ్మకు కింద రెండు పళ్ళు ఊడాయి. చికిత్సకు రాలేదు. తెల్లవారుజామున మోరి దగ్గర ఆమె వేలి చప్పుడు నాకు వినబడుతుంది. లేచి వెళ్ళి ఇంకొకసారి చెప్పవచ్చు. చెప్పడం లేదు. నా కోపం అంత మంచిది కాదు. పక్క మీద పడుకుని ఆ చప్పుడు వింటాను, అంతే.

నిన్న రాత్రి ఇదంతా రాస్తూ ఇక్కడిదాకా వచ్చి పడుకున్నాను. పిల్లలిద్దరికీ తెలుగు చదవడం రాదు, మరాఠీ బడి. నోట్‌బుక్ వాళ్ళ చేతిలో పడుతుందన్న బెంగ లేదు. అందుకే వాళ్ళకు నోటితోనే చెప్పాల్సి వచ్చింది, ఈ పొద్దున.

పాపకు పై పన్ను ఊడింది. నిద్ర కళ్ళతో అరచేతిలో ఆ పన్ను పట్టుకుని, "మమ్మీ, రక్తం వస్తుంది," అంటూ వచ్చింది. వెనకే తమ్ముడు. వంటింట్లో అత్తమ్మ టీ గిన్నె పట్టుకుని ఆగిపోయింది, వింటోంది. వినాలనే గట్టిగా చెప్పాను.

"రానీ. ఊడితే వస్తది, నీళ్ళతోని కడిగి శుభ్రమైన గుడ్డ పెట్టుకుంటే ఆగుతది. ఎప్పుడు రక్తం కనబడ్డా నాకు చెప్పాలె. ఎవరన్న ఏదన్న రుద్ది ఆపితే, అది సుత చెప్పాలె, ఎవరు రుద్దిండ్రో పేరు పెట్టి చెప్పాలె. నానమ్మ అయినా, అక్క అయినా."

"నువ్వయితే?" అన్నాడు బాబు.

"నేనయితే పప్పాకు చెప్పు," అన్నాను. "గట్టిగ చెప్పు. దుకాణంల అందరికి వినబడాలె."